కప్పగాడి ఉయ్యాల పండగ

లువా ఈ పండగ గురించి ఎవరితో మాట్లాడినా గొంతు తగ్గించే మాట్లాడింది. పెరట్లో బల్లలు ఎక్కడ వేయాలో చెప్పాలన్నా, బాతు ఒకటి చాలా రెండు కోయాలా అని అత్తగారిని అడగాలన్నా, ముందు ఒకసారి చుట్టూ చూసుకునేది. పంపరపనస చెట్ల మధ్య ఎవరూ ఉండేవారు కాదు. కానీ లువా ఎవరికి భయపడుతోందో వాళ్ళు కంటికి కనబడే రకం కాదు.

పిల్లవాడికి ఏడాది నిండబోతోంది. ఏడాది నిండితే ఉయ్యాల దింపి, వాణ్ణి నేలమీద నిలబెట్టి, కడుపులో వాడి కళ్ళూ ముక్కూ చెక్కిన పన్నెండుగురు మంత్రసాని తల్లులకి నైవేద్యం పెట్టాలి. మగపిల్లవాడు కనక ఒకరోజు ముందే చేయాలి. ఇందులో ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎంత చప్పుడుతో చేయాలన్న దగ్గరే గొడవ వచ్చింది.

"పాటల పెట్టె అద్దెకి తెస్తాను. మైకు కూడా" అన్నాడు ఖీమ్. లువా మొగుడు. కొబ్బరికాయల పడవ నడుపుతాడు.

"వద్దు బావా."

"ఈ కాలవ పొడుగునా నేను పాడని పెళ్ళి ఉందా? నా ఇంట్లో మాత్రం నోరు మూసుకోవాలా?"

"నీ ఇంట్లోనే మూసుకోవాలి."

"ఏం, నా పాట అంత బాగోదా?"

"బాగోదు. కానీ అందుకు కాదు."

అందుకు కాదని అతనికీ తెలుసు. పెట్టె మాట మళ్ళీ ఎత్తలేదు.

వీడికి ముందు వాళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. థుయ్ ఆన్ అని పేరు పెట్టారు. లువాకి ఆ పేరు ఎంత ఇష్టమంటే, పిల్ల నిద్రపోతున్నా పక్కన కూర్చుని పిలుచుకునేది. కొబ్బరి మిఠాయి చుట్టే షెడ్డుకి చంకనేసుకుని వెళితే ఆడవాళ్ళందరూ చుట్టూ మూగి, బొమ్మలా ఉంది, గాజుబొమ్మలా ఉంది అనేవారు. లువా నవ్వేది. ఇంకా అనండి అన్నట్టు పిల్లని అటూ ఇటూ తిప్పి చూపించేది. ఉయ్యాల దింపే పండగ ఇంక కొద్ది వారాల్లో ఉందనగా జ్వరం వచ్చింది. జిల్లా ఆసుపత్రికి పడవలో తీసుకుపోయారు. తిరిగొచ్చేటప్పుడు లువా ఒళ్ళో పిల్ల ఉంది, జ్వరం లేదు, ఊపిరీ లేదు.

ఆ తర్వాత ఈ పిల్లవాడు పుట్టాడు. ముద్దొచ్చే పిల్లల్ని ఎత్తుకుపోయే ఆ కనబడనివాళ్ళ కళ్ళు కప్పాలని, అత్తగారు వాణ్ణి ఇంటి గడప దాటి లోపలికి రానివ్వలేదు. కొబ్బరికాయలు మోసే బుట్టలో పాత గోనె వేసి, వాణ్ణి పడుకోబెట్టి, ఖీమ్ చేత రేవు మెట్ల మీద వదిలేయించింది. ముందే చెప్పి ఉంచింది కనక అవతలి గట్టు నుంచి థోమ్ పడవేసుకుని వచ్చింది. ఎనిమిది మందిని కని ఒక్కరినీ పోగొట్టుకోని మనిషి. అందుకే ఆవిణ్ణి పిలిచారు. బుట్టలోకి తొంగిచూసి, కాలవంతా వినబడేలా అరిచింది.

"ఛీ ఛీ, ఇదేంటి, ఎవరో కప్పని పారేసి పోయారు! ఇంత వికారంగా ఉంటే పారెయ్యరూ మరి. సరేలే, నాకు దొరికింది కాబట్టి నాదే. ఏమే పిల్లా లువా, నాకు తీరిక లేదు, దీన్ని కాస్త పెంచిపెడతావా?"

పెంచిపెడతానంది లువా. ఆ రోజు నుంచి వాడు కప్ప, వాడి తల్లి థోమ్. లువా పిన్ని, ఖీమ్ బాబాయి. పుట్టుక కాగితంలో రాయించిన పేరుని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. బయటికి తీసుకెళ్ళేటప్పుడు లువా వాడి నుదుట అరచెయ్యంత మసి పూసేది. ఎవరైనా బుగ్గ గిల్లబోతే, "మనది కాదమ్మా, థోమక్కది" అనేది. అలా అన్న ప్రతిసారీ ఒక రోజు గెలిచినట్టు ఉండేది ఆమెకి. లోపల ఎక్కడో ఒకచోట గుచ్చుకునేది కూడా. గుచ్చుకుంటే గుచ్చుకోనీ, వాడు ఊపిరి తీస్తున్నాడు కదా అనుకునేది.

పండగ లెక్కలన్నీ ఆ భయంతోనే వేసింది. ముందు వాకిలి వద్దు, కాలవలో పోయే ప్రతి పడవకీ కనబడుతుంది. వెనక తోట అయితే చుట్టూ చెట్లు. కానీ తోట నిండా మురుగు బోదెలు, పోటు వచ్చినప్పుడు నడుంలోతు నీళ్ళు. వాడికి ఇప్పుడిప్పుడే నాలుగడుగులు పడుతున్నాయి, పాకడమైతే ఎలుకే. బోదెల అంచున నీటికొబ్బరి ఆకుల దడి తనే కట్టింది. బుడగలు వద్దంది, ఎర్రబట్ట వద్దంది. పిలిచేది పదిమందిలోపే. పిలిచిన ప్రతివాళ్ళకీ అదే చెప్పింది.

"వాడు బొద్దుగా ఉన్నాడని మాత్రం అనకండి."

మిఠాయి షెడ్డులో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "మీ కప్పని చూడగానే వాంతి చేసుకుంటాంలేవే, బెంగపడకు" అంది ఒకామె. ఇంకొకామె, "నేనైతే చూడనే చూడను, తిండి మీదే ఉంటుంది నా కన్ను" అంది. లువా కూడా నవ్వింది. నవ్వుతూనే, వీళ్ళేగా అప్పుడు గాజుబొమ్మ అన్నది అనుకుంది.

పండగ ఇంక రెండు రోజులుందనగా సాయంత్రం షెడ్డు నుంచి వస్తూ కాలవ మలుపు దగ్గర ఆగిపోయింది. వాకిట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య దుప్పటంత బ్యానరు వేలాడుతోంది. మధ్యలో మసి లేని ముఖంతో, రెండు పళ్ళతో నవ్వుతున్న పిల్లవాడు. కింద మూరెడేసి అక్షరాల్లో లే హువాంగ్ లామ్. ఎవరూ పైకి అనని ఆ పేరు, అవతలి గట్టు నుంచి కూడా చదవొచ్చు.

చేతిలో సంచి ఎక్కడ పడేసిందో ఆమెకి తెలియదు. వంటింట్లో కత్తి తెచ్చి, స్టూలెక్కి తాళ్ళు కోసేసింది. బ్యానరు బరువుగా ఆమె నెత్తిమీదే పడింది. దాని కింద నుంచి బయటికి రాకుండానే చుట్టచుట్టడం మొదలుపెట్టింది.

ఖీమ్ పరుగెత్తుకొచ్చాడు. "నీకేమైనా పిచ్చా? పట్నం దాకా వెళ్ళి వేయించుకొచ్చాను!"

"ఎవరి పేరు ఇది?"

"నా కొడుకుది."

"నీకు కొడుకు లేడు."

ఖీమ్ బ్యానరు ఒక అంచు చేత్తో పట్టుకున్నాడు. "నిన్న వాణ్ణి భుజాలమీద ఎక్కించుకుని తిప్పాను. బాయి, బాయి అంటున్నాడు. బాబాయి అనడం వచ్చేసింది వాడికి. ఎంత ముచ్చటేసిందో అంత ఏడుపొచ్చింది. ఇంకెన్నాళ్ళు?"

గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్న అత్తగారు చేట పక్కన పెట్టింది.

"ఇద్దరూ వినండి. ఉయ్యాల దింపేరోజు తల్లుల నైవేద్యం ముందు థోమ్‌ని అడిగితే, పిల్లాడు మీవాడు. ఆ రోజు దాటితే మళ్ళీ పన్నెండేళ్ళు నిండేదాకా అడగకూడదు. మా అమ్మ చెప్పింది నేను చెబుతున్నాను. అడుగుతారో లేదో మీ ఇష్టం. అడగాల్సింది మాత్రం పెంచినదే, పెంచినవాడు కాదు."

ఖీమ్ లువా వైపు చూశాడు.

"పన్నెండేళ్ళు ఆగుతాను" అంది లువా. "పిన్నిగానే ఉంటాను. వాడు ఉంటే చాలు."

మర్నాడు పొద్దున్నే థోమ్ పడవ రేవులో ఆగింది. రోజూ సంతకి వెళుతూ ఆగుతుంది. ఆవిడ పిల్లలందరూ పట్నాల్లో ఫ్యాక్టరీలకి వెళ్ళిపోయారు. పడవ నిండా బాతుగుడ్లు, పైన ఆకులో చుట్టిన అరటిపండు రొట్టె.

"ఏరా కప్పా! అమ్మొచ్చిందిరా!"

పిల్లవాడు లువా చంకలోంచి జారిపోయి మెట్లవైపు పాకాడు. "మా, మా" అంటూ రెండు చేతులూ చాచాడు. థోమ్ రొట్టె తుంచి వాడి నోట్లో పెట్టి, లువా వైపు చూసి కన్నుగీటింది.

"ఏమే ఆయమ్మా, నా బిడ్డకి సరిగ్గా తిండి పెట్టట్లేదేంటి? డొక్కలు ఎండిపోయాయి."

"మూడు గిన్నెలు తిన్నాడక్కా పొద్దున్న."

"అబద్ధాలాడకు. జీతం కోసేస్తాను." నవ్వి, పిల్లవాడి మూతి కొంగుతో తుడుస్తూ గొంతు తగ్గించింది. "మీ ఆయన నిన్న రాత్రి మా రేవుకొచ్చి నా పడవ పట్టుకుని వదల్లేదు. రేపు నన్ను అడుగుతావా పిల్లా?"

"అడగనక్కా."

థోమ్ తుడిచిన మూతినే మళ్ళీ తుడిచింది. "సరే. పెద్దతనంలో నాకో కొడుకు. పెళ్ళికి మాత్రం నువ్వే ఖర్చు పెట్టుకో" అంది. ఆమె ముఖంలో కనబడింది సంతోషమో జాలో లువాకి తెలియలేదు. పడవ వెళ్ళిపోయాక పిల్లవాడు మెట్టు మీదే కూర్చుని ఏడ్చాడు. లువా ఎత్తుకోబోతే చేతులు తోసేశాడు.

పండగ రోజు తెల్లవారకముందే అత్తగారు జిగురుబియ్యం ఆవిరికి పెట్టింది. పెసరపప్పు పాయసం పన్నెండు చిన్న గిన్నెల్లోకి, ఒక పెద్ద గిన్నెలోకి పోసింది. లువా పెద్ద పంపరపనస చెట్టు కింద చాప పరిచి, వాటిని రెండు వరసలుగా సర్దింది. ఖీమ్ అన్నదమ్ములతో కలిసి బల్లలు తెచ్చాడు. మనుషులు రావడానికి అడ్డదారి అవుతుందని, బోదె మీద వంతెన వైపు దడి తీసేశాడు. మళ్ళీ పెట్టాలని ఎవరికీ తట్టలేదు. ఆ వంతెన అంటే ఒక్క కొబ్బరిమొద్దు, పట్టుకోవడానికి పక్కనొక వెదురు. పాతది. మనిషి అడుగు పెడితే అటూ ఇటూ దొర్లుతుంది.

లువా ఆఖరి గిన్నె పెట్టి తలెత్తేసరికి చాప పక్కన పిల్లవాడు లేడు.

ఇంట్లో ఉన్నాడేమో అనుకుంది. అనుకుంటుండగానే కాళ్ళు తోటలోకి తీసుకుపోయాయి. దడి ఉండాల్సిన చోట ఖాళీ. మొద్దు నడిమధ్య, గుర్రం ఎక్కినట్టు కాళ్ళు అటొకటి ఇటొకటి వేసుకుని పిల్లవాడు కూర్చున్నాడు. కింద పోటు నీళ్ళు ఎర్రగా, నిండుగా. వంగి ఆ నీళ్ళలోకి చూస్తున్నాడు. వంగినప్పుడల్లా మొద్దు కొద్దిగా కదులుతోంది.

ఆమె అడుగు పెడితే దొర్లుతుంది. నీళ్ళలోకి దిగుదామంటే, దిగిన కుదుపుకే వాడు పడతాడు. బల్లల దగ్గర మగవాళ్ళు నవ్వుతున్నారు. కేక వేస్తే పరుగెత్తుకొస్తారు, వాళ్ళ పరుగు చూసి వీడు బెదురుతాడు.

"కప్పా" అంది మెల్లగా.

వాడు తలతిప్పి చూశాడు. చూసి కిలకిలా నవ్వి, చేతులు ముందుకి వేసి అవతలి వైపు జరిగాడు.

ఇది వాడి ఆట. ఏడాదిగా ప్రతి బోదె దగ్గర నుంచీ, ప్రతి మెట్టు దగ్గర నుంచీ ఆమె కప్పా అంటూ పరుగెత్తి వాణ్ణి లాక్కొచ్చింది. పిన్ని పిలిస్తే పారిపోవాలని వాడు నేర్చుకున్నాడు. ఇంకోసారి పిలిస్తే ఇంకో జానెడు జరుగుతాడు. మొద్దు ఆ చివర సన్నం.

వాడు ఏ పిలుపుకి వస్తాడో ఆమెకి తెలుసు. రోజూ పొద్దున వింటూనే ఉంది.

గాలి లేదు, చెట్లన్నీ కదలకుండా నిలబడి ఉన్నాయి, వింటున్నట్టు. థుయ్ ఆన్‌ని చివరిసారి పిలిచిన తర్వాత ఆ మాట తన గురించి తను అనుకోలేదు. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ చాచింది.

"అమ్మొచ్చింది" అంది. మళ్ళీ అంది. "అమ్మొచ్చిందిరా. రా నాన్నా. అమ్మ ఇక్కడుంది."

పిల్లవాడు ఆగాడు. తిరిగి చూశాడు. లువాని కాదు, ఆమె వెనక్కి, థోమ్ ఎక్కడుందో అని. నుదుటి మసి చెమటకి కారి కంట్లోకి వస్తోంటే చేత్తో తుడుచుకున్నాడు. ఒక్క చేత్తోనే మొద్దు పట్టుకున్నాడు. లువా కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే తెరిచేసరికి ఏముంటుందో తెలియదు. "రా" అంది, "రొట్టె పెడతాను, రా."

వాడు "మా?" అన్నాడు. అని, పొట్టమీద బోర్లా పడి, మొద్దుని కావిలించుకుని, వెనక్కి వెనక్కి, ఆమె వైపే పాకడం మొదలుపెట్టాడు. పొదువుకునే దూరం వచ్చేదాకా లువా కదల్లేదు. వచ్చాక మాత్రం ఎంత గట్టిగా పట్టుకుందంటే వాడు కెవ్వుమన్నాడు.

అలాగే బురదలో కూర్చుండిపోయింది. అనేసింది. బయట, పట్టపగలు, చెట్లన్నీ వింటుండగా అనేసింది. ఎక్కడో ఎండుమట్ట ఒకటి రాలి నీళ్ళలో పడితే ఆమె పిల్లవాడి తల తన రొమ్ముకి అదుముకుని, వాణ్ణి కనబడకుండా చేయాలన్నట్టు వంగిపోయింది. ఏమీ జరగలేదు. మట్ట పోటుతో పాటు కొట్టుకుపోయింది.

అప్పుడు ఒక్కటే ఆలోచన వచ్చింది. ఇవాళ వాడు వెనక్కి తిరిగింది థోమ్ కోసం. రేపు వాడు పరుగెత్తుతాడు, ఎల్లుండి ఈదబోతాడు. పన్నెండేళ్ళు ఈ బోదెల మధ్యే తిరుగుతాడు. ప్రమాదం వచ్చినప్పుడల్లా థోమ్ ఇక్కడ ఉండదు. ఉండేది తను, వాడు విని పారిపోయే గొంతుతో. కనబడనివాళ్ళ నుంచి దాచడానికి వాణ్ణి తన నుంచి కూడా దాచేసింది. రెండు భయాల్లో ఏది పెద్దదో ఆమెకి తేలలేదు. కానీ ఒకటి కళ్ళెదుట ఉంది, నీళ్ళతో నిండి ఉంది.

లేచి ముందు దడి కట్టింది. పిల్లవాణ్ణి చంకలోంచి దించకుండా, ఒంటి చేత్తోనే కట్టింది.

పొద్దెక్కాక పిలిచినవాళ్ళు వచ్చారు. మిఠాయి షెడ్డు ఆడవాళ్ళు మాటకి కట్టుబడి, పిల్లవాణ్ణి చూసి ముక్కులు మూసుకున్నారు. థోమ్ ఉతికిన ఊదారంగు బట్టలు కట్టుకుని వచ్చి, చాప పక్కన వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అత్తగారు అగరొత్తులు వెలిగించి, తల్లుల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, తినిపొమ్మంది. పొగ గిన్నెల మీదుగా పాకుతుంటే లువా లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఎవరికీ అర్థం కాలేదు. ఖీమ్‌కి కూడా.

"అక్కా" అంది. రెండు చేతులూ జోడించింది. "రేవులో నీకు దొరికిన కప్పని నేను పెంచాను. వాణ్ణి నాకు ఇచ్చేస్తావా?"

థోమ్ తలెత్తి ఆమెని చూసి, పిల్లవాడి ముక్కు తుడిచింది.

"వీణ్ణా? ఈ చీమిడి ముక్కువాణ్ణా? వద్దే పిల్లా, నష్టపోతావు. ఒట్టి తిండిపోతు."

"అయినా ఇవ్వక్కా."

"కాళ్ళు చూడు, కప్పకి కూడా ఇంతకన్నా తిన్నగా ఉంటాయి. రాత్రిళ్ళు ఏడుస్తాడు."

"నాకు తెలుసు. నేనే కదా లేచేది."

షెడ్డు ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. థోమ్ నవ్వలేదు. పిల్లవాడి చొక్కా బొత్తాలు ఒకటొకటే సర్దింది, పైది విప్పి మళ్ళీ పెట్టింది.

"మూడోసారి అడుగు" అంది.

"నా కొడుకుని నాకివ్వక్కా."

"తీసుకుపో. వీడికి రొట్టెలు మోయలేక నా నడుం పడిపోయింది." ఎత్తి లువా చేతుల్లో పెట్టింది. పెట్టిన చేతులు వెంటనే వదల్లేదు. ఖీమ్ ముఖం తిప్పుకుని, ఎవరూ అడక్కపోయినా బల్లమీద గ్లాసులన్నీ మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు.

లువా ఆ పూట ఏమీ తినలేకపోయింది. ప్రతి దగ్గుకీ పిల్లవాడి నుదురు తాకి చూసింది. అత్తగారు బాతుమాంసం ముక్క నోటికి అందించబోతే, చెవిలో అడిగింది.

"అత్తయ్యా, ఇవాళ వాడికి ఏమైనా అయితే?"

"అయితే ఆసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తుతావు. పిన్నివైతే మాత్రం పరుగెత్తవా?"

"అందరూ విన్నారు కదా. వాళ్ళు కూడా."

"విన్నారు" అంది అత్తగారు. ఆవిడ కూడా ఒకసారి చెట్లలోకి చూసింది. "తిను ముందు."

థోమ్ అందరికంటే ముందే బయల్దేరింది. బాతులకి మేత వేయాలంది. రేవు దాకా ఆమెని సాగనంపడానికి లువా పిల్లవాణ్ణి ఎత్తుకుని వెళ్ళింది. ఆమె పడవ ఎక్కగానే వాడు అటువైపు మొత్తం ఒరిగిపోయి, "మా! మా!" అని ఏడుపు లంకించుకున్నాడు. రెండు చేతులతో లువా ముఖాన్ని నెట్టేస్తూ, కాళ్ళతో తన్నేస్తూ.

థోమ్ మోటారు తాడు లాగింది, అందుకోలేదు. మళ్ళీ లాగింది. వెనక్కి తిరక్కుండానే గట్టిగా అరిచింది. "నాకేసి చూసి ఏడుస్తావేంట్రా? మీ అమ్మ అక్కడుంటే!"

మోటారు అందుకుంది. పడవ కాలవ మలుపు తిరిగిపోయింది. వాడి ఏడుపు మాత్రం ఆగలేదు. లువా మెట్టు మీద కూర్చుని, తన్నుతున్న ఆ కాళ్ళని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వాడి ఒళ్ళు కాలుతోందేమో అని మెడ కింద తడిమి చూసింది. ఏడుపు వేడే. ఇంకోసారి తడిమింది.